పొరుగింటి పుల్లకూర



నిన్నటి నుంచి ఈ వేదిక మీద సాహిత్యం గురించి, సంగీతం గురించి, వ్యాపారం గురించి ఎందరో పెద్దలు చక్కగా మాట్లాడారు. నేను మాట్లాడబోయేది మట్టి గురించి. అందులోనూ భోజనాలకు ముందు ఇచ్చిన సమయం కాబట్టి గోంగూర, ఆనపకాయ అని నేను అంటుంటే మీకు ఆకలి ఎక్కువైతే ఆ తప్పు కార్యక్రమం వేసిన వారిదే!

మనకో సామెత ఉంది: పొరుగింటి పుల్లకూర రుచి అని. తన ఇంట్లో ఉన్నదాన్ని చిన్నచూపు చూసేవాడిని ఎత్తిపొడవడానికి వాడతాం. నేను మాత్రం ఈ మధ్య దీన్ని ఇంకోలా ఆలోచిస్తున్నాను. పొరుగింటి పుల్లకూర రుచిగా ఉందని తెలియాలంటే ముందు అది మన నోటిదాకా రావాలి కదా? అంటే ఆ రోజుల్లో గోడ మీదుగా గిన్నె ఇటు వచ్చేది, ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని ఇంకేదో వేసి అటు పంపేవాళ్ళం. సామెత వెనకాల అంత రాకపోకలున్నాయి. ఇవాళ నేనుండే నార్త్ యార్క్‌లో పదిహేను, ఇరవై అంతస్తుల భవనాల్లో ఉంటున్న మనవాళ్ళని అడగండి. పొరుగింటి తలుపు నంబరు తెలుసు. పొరుగింటి వంట వాసన తెలుసు. పొరుగింటి మనిషి తెలియదు.

నార్త్ యార్క్ తెలియని వారికోసం ఒక మాట. 1998 దాకా అది విడి నగరం. ఆ ఏడాది టొరాంటోలో కలిపేశారు. యాంగ్ వీధికి అటూ ఇటూ చాలా దూరం పరుచుకుని ఉంటుంది. ఫ్లెమింగ్‌డన్ పార్క్, డాన్ మిల్స్, జేన్–ఫించ్ వంటి చోట్ల 1960లు, 70లలో కట్టిన ఎత్తయిన అపార్ట్‌మెంట్లు వరసగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో వాటిని కట్టినవాళ్ళు ఒక మంచి పని చేశారు. భవనం చుట్టూ బోలెడంత ఖాళీ స్థలం వదిలారు. కాకపోతే అందులో గడ్డి వేసి, దాన్ని కోయడానికి ఒక యంత్రాన్ని పెట్టి, మిగతా వాళ్ళని దూరంగా ఉండమన్నారు!

మనవాళ్ళలో చాలామందికి ఈ భవనాలే మొదటి మజిలీ. పెట్టె దింపుకోవడం ఇక్కడ, ఉద్యోగం స్థిరపడ్డాక ఇల్లు కొనుక్కుని మిస్సిసాగాకో, బ్రాంప్టన్‌కో, మార్కమ్‌కో వెళ్ళిపోవడం మామూలే. ఆ మధ్యకాలంలో అమ్మానాన్నలు వస్తారు. 2011 డిసెంబరులో కెనడా సూపర్ వీసా ప్రవేశపెట్టినప్పుడు ఒకసారి వస్తే రెండేళ్ళ దాకా ఉండే వీలు కలిగింది. 2022 జులై నుంచి అది అయిదేళ్ళయింది. పిల్లలకి ఇది పెద్ద వరం. కానీ అయిదేళ్ళంటే చుట్టపుచూపు కాదు, కాపురమే. పధ్నాలుగో అంతస్తులో, భాష రాని ఊళ్ళో, కారు నడపడం రాని మనిషి కాపురం.

వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో మనకి తెలియనిది కాదు. పొద్దున ఎనిమిదింటికల్లా కొడుకూ కోడలూ ఆఫీసుకి, పిల్లలు బడికి. తలుపు పడుతుంది. తరువాత సీరియల్స్, యూట్యూబు, ఇండియాలో పొద్దుపోకముందే చెల్లెలికో ఫోను. సాయంత్రం దాకా ఒక్క మనిషితో ముఖాముఖి మాట ఉండదు. ఊళ్ళో పెరట్లో నాలుగు పాదులు పెట్టి, వీధిలో నలుగురికి కూరలు పంచిన చెయ్యి ఇక్కడ టీవీ రిమోట్ పట్టుకుని కూర్చుంటుంది. ఆరోగ్యం బాగానే ఉన్నా ఆర్నెల్లు తిరక్కుండా టికెట్టు ముందుకి జరపమని అడిగే అమ్మలు, నాన్నలు మనలో ఎందరి ఇళ్ళలో లేరు?

మనకి సంఘాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉండాలి కూడా. ఉగాదికి కలుస్తాం, దీపావళికి కలుస్తాం, వేసవిలో వనభోజనాలకి వెళతాం. ఇలా రెండేళ్ళకోసారి మహాసభలు చేసుకుంటాం. ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మూడు సంఘాలు పెడతారని ఒక హాస్యోక్తి ఉండనే ఉంది. కానీ గమనించండి. ఈ కలయికలన్నిటిలో కొందరు వేదిక మీద, మిగిలినవాళ్ళు కుర్చీల్లో. పక్క కుర్చీ వారితో మాట కలిసేలోపు పులిహోర అయిపోయిందన్న వార్త వస్తుంది! పక్కపక్కన నిలబడి పని చేస్తున్నప్పుడు కలిసే మాట వేరు. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే మెత్తబడుతుంది. అందుకే నాట్లు వేసేటప్పుడు పాట పుట్టింది. కుర్చీల్లో కూర్చున్నప్పుడు చప్పట్లే పుడతాయి.

అందుకే ఉమ్మడి తోట గురించి చెబుతానంటున్నాను. కమ్యూనిటీ గార్డెన్ అని ఇక్కడ అంటారు. టొరాంటోలో ఇవి రెండు రకాలు. మొదటిది అలాట్‌మెంట్ తోట. నగరపాలక సంస్థ ఒక స్థలాన్ని చిన్న చిన్న మళ్ళుగా విడగొట్టి, ఏడాదికింత అని రుసుము తీసుకుని ఒక్కొక్కరికి ఒక్కో మడి ఇస్తుంది. నార్త్ యార్క్‌లో ఫోర్ విండ్స్ తోట, జోన్స్‌విల్ తోట అలాంటివి. రెండోది నిజంగా ఉమ్మడిది. చుట్టుపక్కల వాళ్ళు ఒక బృందంగా ఏర్పడి, పార్కులోనో, అపార్ట్‌మెంటు పక్కనో, చర్చి వెనకాలో స్థలం అడిగి తీసుకుని, నీళ్ళు, పనిముట్లు, కంపోస్టు, నియమాలు అన్నీ కలిసి చూసుకుంటారు.

ఇది నిన్న మొన్నటి వింత కాదు. న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు చెత్త పేరుకుపోయిన ఒక ఖాళీ స్థలాన్ని శుభ్రం చేసి తోట వేశారు. ఇవాళ ఆ తోట ఆమె పేరుతోనే ఉంది. మాంట్రియల్ నగరం 1975లోనే ఉమ్మడి తోటల కార్యక్రమం మొదలుపెట్టింది. టొరాంటో నగరసభ 1999లో వార్డుకో తోట ఉండాలన్న లక్ష్యంతో ఒక ప్రణాళికను ఆమోదించింది. యార్క్ యూనివర్సిటీ ఆవరణలో విద్యార్థులు మొదలుపెట్టిన మలోకా తోట ఉంది. జేన్ వీధిలో, స్టీల్స్‌కి దగ్గరలో బ్లాక్ క్రీక్ కమ్యూనిటీ ఫార్మ్ ఉంది. పాత రైతు ఇల్లూ, కొట్టామూ ఉన్న ఏడెనిమిది ఎకరాల పొలం అది, అపార్ట్‌మెంట్ల నీడలోనే! టొరాంటో గురించి చెడ్డవార్తలు రాసేటప్పుడు పత్రికలు తరచుగా వాడే పేరు జేన్–ఫించ్. అదే చోట పిల్లలు కోళ్ళని చూడడానికి, పెద్దలు టమాటాలు కోయడానికి వస్తారు.

ఇంకొంచెం వెనక్కి వెళితే మరో విశేషం ఉంది. అదే బ్లాక్ క్రీక్ వాగు ఒడ్డున, ఇవాళ్టి యార్క్ యూనివర్సిటీకి దగ్గరలో, పదిహేనో శతాబ్దంలో హ్యూరాన్-వెండాట్ జాతివారి పెద్ద గ్రామం ఒకటి ఉండేది. పురావస్తు శాస్త్రవేత్తలు పార్సన్స్ సైట్ అని పిలిచే ఆ చోట 1950లలో తవ్వకాలు జరిపారు. వెండాట్ ప్రజలు పండించినవి మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి. మొక్కజొన్న కర్రని పట్టుకుని చిక్కుడు తీగ పాకుతుంది, గుమ్మడి ఆకు నేలని కప్పి తేమ నిలుపుతుంది, చిక్కుడు వేరు నేలకి బలాన్నిస్తుంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళని ముద్దుపేరు. మన తెలంగాణలో జొన్నలో కంది కలిపి వేసే రైతుకి ఈ కిటుకు వేరే చెప్పనక్కరలేదు. ఒకే పంట ఉన్న చోట కన్నా నాలుగు కలిసిన చోటే నేల బాగుంటుందని రెండు ఖండాల వాళ్ళూ ఎవరికి వారే తెలుసుకున్నారు. మనుషుల విషయంలో కూడా అది నిజమేనా అన్నదే ఇవాళ్టి నా ప్రశ్న.

మా అపార్ట్‌మెంట్ల వెనకాల ఉన్న తోటలో మడి తీసుకుని నాకు కొన్నేళ్ళయింది. అక్కడ నేను చూసిన మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, మనం మన కూరలనుకునేవి మనవి మాత్రమే కావు. మన తోటకూర జమైకా వాళ్ళ కల్లలూ. మన బచ్చలి ఫిలిప్పీన్స్ వాళ్ళ అలుగ్బాతి. మన బీరకాయ చైనా వాళ్ళ సీగ్వా. సిసిలీ నుంచి వచ్చిన ఇటలీ తాతలు ప్రాణంగా చూసుకునే కుకుట్సా అనే పొడుగు కాయ ఉంది. అది అక్షరాలా మన ఆనపకాయే! మా తోటలో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక పిన్నిగారు, పక్క మడిలో ఒక ఇటలీ పెద్దాయన ఉన్నారు. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆయన పందిరికి వేలాడుతున్న కాయని చూసి పిన్నిగారు, "అయ్యో, ఇంకా ముదరనిచ్చేస్తున్నాడేమిటండీ ఈయన, కోసెయ్యమనండి!" అని నాతో అన్నారు. ఆయన అది విత్తనానికి వదిలానని చేతులతో చెప్పాడు. ఆ తరువాత వాళ్ళ మధ్య నా అవసరం లేకపోయింది. వేలితో గోరు దించి కాయ లేతదనం చూడడం ఇటలీలోనూ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక గోంగూర కథ ఇంకా బాగుంటుంది. ఎర్ర గోంగూర జాతి మొక్కనే జమైకా వాళ్ళు సోరెల్ అంటారు. వాళ్ళు ఆకు ముట్టుకోరు. పువ్వు రాలిపోయాక మిగిలే ఎర్రని రక్షకపత్రాలతో క్రిస్మస్‌కి పుల్లని పానీయం చేస్తారు. ఘనా వాళ్ళ సోబోలో, సెనెగల్ వాళ్ళ బిస్సాప్ కూడా అదే. మా పక్క మడి జమైకా ఆవిడ, మనం ఆకులు కోసి పచ్చడి చేస్తామంటే నోరెళ్ళబెట్టింది. ఆమెకి రోట్లో నూరిన పచ్చడి, వేడి అన్నం, ఉల్లిపాయ ముక్క ఒక డబ్బాలో పెట్టి ఇచ్చారు పిన్నిగారు. వారం తిరక్కుండా ఆ డబ్బాలో అల్లం దట్టించిన సోరెల్ పానీయం వచ్చింది. ఖాళీ డబ్బా తిరిగి పంపకూడదన్న మర్యాద జమైకాలో కూడా ఉందన్నమాట. సామెతలోని పుల్లకూర నిజంగా పొరుగింటి నుంచే వచ్చింది!

ఇంతవరకు విని ఉమ్మడి తోట అంటే పాలూ తేనే ప్రవహించే చోటు అనుకోకండి. అక్కడ తగవులు ఉంటాయి. కుళాయి ఒక్కటే, జులై ఎండలో నీళ్ళు అందరికీ సాయంత్రమే కావాలి. మనవాళ్ళు ఆనప పందిరి వేస్తే ఉత్తరం వైపు మడిలో మిరప మొక్కకి ఎండ తగలదు. ఒకరు ఊరికెళితే వాళ్ళ మడిలో కలుపు పెరిగి గింజలు పక్కవాళ్ళ మళ్ళలో పడతాయి. పండిన టమాటాలు రాత్రికి రాత్రి మాయమైతే అందరి చూపూ అందరి మీదా పడుతుంది. చాలాసార్లు దొంగ ఉడతో, రకూనో అయి ఉంటుంది, కానీ అది తేలేలోపు మాటా మాటా పెరుగుతుంది. మా తోటలో ఒక వేసవిలో గొట్టం ఎవరు చుట్టిపెట్టలేదన్న దాని మీద రెండు వారాలు ఇద్దరు మనుషులు మాట్లాడుకోలేదు.

అయితే నేను ఇక్కడే ఒక విషయం నేర్చుకున్నాను. సంఘంలో తగవు వస్తే మనం ఏం చేస్తాం? ఇంకో సంఘం పెడతాం. వేరే హాలు దొరుకుతుంది, వేరే మైకు దొరుకుతుంది. తోటలో ఆ సౌకర్యం లేదు. రెండో కుళాయి లేదు. తగవు పడ్డ మనిషి శనివారం మళ్ళీ అదే గొట్టం దగ్గర ఎదురవుతాడు. మొక్క ఎండిపోతుంటే అలక ఎన్నాళ్ళు నిలుస్తుంది? కాబట్టి సర్దుకోవడం నేర్చుకోవాల్సి వస్తుంది. పొడుగు పందిళ్ళు ఉత్తరం అంచునే వేయాలి, నీళ్ళకి వంతులు కాగితం మీద రాసి తలుపుకి అంటించాలి, ఊరికెళ్ళేవాళ్ళు మడి ఎవరికప్పగించారో చెప్పి వెళ్ళాలి. మా తోటలో ఉన్న నియమాల్లో ప్రతి ఒక్కటీ ఒక పాత తగవు బిడ్డే. ఇష్టమైనవాళ్ళు కలిసి ఉండడంలో గొప్పేముంది? ఎంపిక చేసుకోని పొరుగువాడితో ఒకే కుళాయి పంచుకోవడంలోనే అసలు పరీక్ష ఉంది.

మన రాష్ట్రాల్లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. సుమారు 75 గ్రామాల్లో పేద మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలు, సంఘాలుగా ఏర్పడి బీడు భూములను సాగులోకి తెచ్చారు. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, నువ్వు, పెసర ఇలా కలిపి పండించారు. విత్తనాలు మట్టికుండల్లోనూ, బుట్టల్లోనూ దాచి, తీసుకున్నవాళ్ళు పంట చేతికొచ్చాక ఎక్కువ కలిపి తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారు. సంక్రాంతి రోజుల్లో అలంకరించిన ఎడ్లబళ్ళ మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పే పాత పంటల జాతర వాళ్ళదే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకి దక్కింది. ఆ సంస్థను నడిపించిన పి.వి. సతీష్ గారు 2023లో కన్నుమూశారు. అక్కడి స్త్రీలు మొదట పంచుకున్నది కష్టాన్ని, తరువాత విత్తనాన్ని. గౌరవం ఆ రెండింటి వెనకాల వచ్చింది. పంపకం జరగని చోట ఐక్యత గురించి ఎంత ప్రసంగించినా గాలిలో కలిసిపోతుందని నాకు వాళ్ళ వల్ల అర్థమైంది.

మనలో డాక్టర్లు ఎక్కువ, కాబట్టి రుజువు అడుగుతారు! డెన్వర్ ప్రాంతంలో 291 మంది మీద చేసిన ఒక పరిశోధన 2023 జనవరిలో లాన్సెట్ వారి పత్రికలో వచ్చింది. చీటీ వేసి సగం మందికి ఉమ్మడి తోటలో మడి ఇచ్చారు, మిగతావాళ్ళని ఒక ఏడాది ఆగమన్నారు. తోటపని చేసినవాళ్ళు రోజుకి సుమారు 1.4 గ్రాముల పీచు పదార్థం ఎక్కువ తిన్నారు, వారానికి సుమారు 42 నిమిషాలు ఎక్కువ ఒళ్ళు వంచారు. మానసిక ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. ఫిలడెల్ఫియాలో పాడుపడ్డ ఖాళీ స్థలాలను శుభ్రం చేసి పచ్చగా మార్చినప్పుడు చుట్టుపక్కల వాళ్ళలో దిగులు తగ్గిందని 2018లో మరో పరిశోధన చెప్పింది. 1.4 గ్రాములంటే పెద్ద అంకె కాదు. తోట మందు కాదు, మంత్రమూ కాదు. కానీ పధ్నాలుగో అంతస్తు నుంచి మనిషిని కిందికి దింపే కారణం ఒకటి దొరకడం చిన్న విషయం కాదు.

ఇక్కడి వాతావరణంలో మన కూరలు పండుతాయా అని కొత్తవాళ్ళు అడుగుతారు. మనకి ఉన్నది అయిదు నెలలు. మే నెల మూడో వారంలో వచ్చే విక్టోరియా డే సెలవులకి ముందు వంగ, మిరప, టమాటా నారు బయట నాటకూడదు. ఎందుకంటే మే మొదట్లో కూడా మంచు కాటు వేయవచ్చు. కాబట్టి మార్చిలోనే ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసుకోవాలి. గోంగూర ఇక్కడ బ్రహ్మాండంగా వస్తుంది. అది పొద్దు తగ్గితే గాని పూయని మొక్క. జూన్‌లో మనకి పదిహేను గంటల పైన వెలుతురు ఉంటుంది కాబట్టి వేసవంతా ఆకు వేస్తూనే ఉంటుంది. పాపం అందుకే జమైకా ఆవిడకి పువ్వు దొరికే సమయానికి మంచు వచ్చేస్తుంది! మన చిక్కుడుది కూడా అదే బాధ. తీగ కంచె అంతా అల్లుకుంటుంది, సెప్టెంబరు దాకా పూతే పట్టదు. తొందరగా కాపుకొచ్చే రకం విత్తనం చూసుకోవాలి. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకి తేనెటీగలు ఇంటికి పోతాయి. పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతుంటే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి మనమే అద్దాలి. దొండ వేరునీ, కరివేపాకునీ కుండీల్లో పెట్టి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఈ మెళకువలేవీ నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. అన్నీ పక్క మడి వాళ్ళు చెప్పినవే.

విత్తనాల గురించి ఒక హెచ్చరిక. చీర మడతల్లో కట్టుకుని విత్తనాలు తేవడం మనకి అలవాటు. విమానాశ్రయంలో వాటిని తప్పక చెప్పాలి. కొన్నింటికి అక్కడి నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. విత్తనంతో పాటు తెగులు వస్తే నష్టపోయేది మనం కాదు, ఇక్కడి రైతు. అంతకన్నా మంచి దారి, ఇక్కడే పండిన కాయ నుంచి విత్తనం తీసి పంచుకోవడం. 1990లో వాంకూవర్‌లో మొదలైన సీడీ సాటర్‌డే అనే విత్తనాల సంత ఇవాళ కెనడాలో చాలా ఊళ్ళలో చలికాలం చివర జరుగుతుంది. ఇక్కడి చలికి తట్టుకుని నాలుగు తరాలు పండిన బీర విత్తనం సూట్‌కేసులో వచ్చిన దానికన్నా మెరుగు. అది కూడా మనలాగే ఇక్కడికి అలవాటు పడ్డది!

పిల్లల మాట. మన బడుల్లో అ ఆ లు నేర్పుతున్నాం, పద్యాలు నేర్పుతున్నాం, సంతోషం. కానీ పాదు, మడి, సాలు, నారు, తొడిమ, పిందె, కాయ, దోర, పండు అన్న మాటలు సోఫాలో కూర్చుని ఎలా వస్తాయి? పిందెకి ఇంగ్లీషులో సరైన ఒక్క మాట చెప్పమనండి. వాడే వస్తువు లేక మాట చచ్చిపోతుంది. అమ్మమ్మ వేలు పెట్టి చూపిస్తే ఒక్క సాయంత్రంలో పది మాటలు వస్తాయి. పైగా ఇంట్లో మనవడి ఇంగ్లీషు ముందు చిన్నబోయే అమ్మమ్మ తోటలో పెద్దమ్మ అవుతుంది. అక్కడ ఆమెకే అన్నీ తెలుసు. మనవడే కాదు, ఇటలీ తాత మనవడు కూడా వచ్చి అడుగుతాడు.

కొందరు మిత్రులు అంటారు: ఇండియన్ స్టోర్‌లో అన్నీ దొరుకుతున్నాయి, ఇంత శ్రమ ఎందుకు? దొరుకుతాయి, నేనూ కొంటాను. మడిలో పండేది కుటుంబానికి నాలుగు నెలల కూర కూడా కాదు. లెక్క వేస్తే నష్టమే. లెక్క కూర కోసమైతే! ఇంకొందరు అంటారు: మన తెలుగువాళ్ళమే కలిసి ఒక తోట పెట్టుకుంటే హాయి కదా, నియమాలు తేలిక, భాష తేలిక. దీనికి నేను ఒప్పుకోను. మన వాళ్ళతో మనం కలవడానికి వేరే చోట్లు ఉన్నాయి. ఇరవై ఏళ్ళు ఈ దేశంలో ఉండి, పన్నులు కట్టి, పౌరసత్వం తీసుకుని, పక్కవాడి పేరు తెలియకుండా బతికితే దాన్ని స్థిరపడడం అనగలమా? అదీకాక మనకి కష్టం వచ్చిన రోజు ముందు తలుపు తట్టేది పక్కింటివాడే, మరో ఊళ్ళో ఉన్న సంఘాధ్యక్షుడు కాదు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఈ తోటల కింద నేల మనది కాదు. న్యూయార్క్‌లో 1999లో నగరం వందకి పైగా తోటలను వేలానికి పెడితే, ప్రజలు, దాతలు కలిసి కొని కాపాడుకోవాల్సి వచ్చింది. 2020 వసంతంలో కోవిడ్ ఆంక్షల కింద అంటారియోలో ఉమ్మడి తోటలను ఆటస్థలాలతో పాటు మూసేశారు. తోటవాళ్ళు, ఆహార సంస్థలు ఇది వినోదం కాదు, ఆహారమని గట్టిగా అడిగితే ఏప్రిల్ 25న తిరిగి అనుమతి ఇచ్చారు. అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి తెరిచారు. నార్త్ యార్క్‌లో పాత అపార్ట్‌మెంట్ల చుట్టూ ఉన్న ఖాళీ స్థలం మీద ఇవాళ బిల్డర్ల కన్ను ఉంది. ఇళ్ళు కావాలి, నిజమే. కానీ ఆ సమావేశాలకి మనం వెళ్ళి, ఇక్కడ తోట ఉంది, దీన్ని ఉంచి కట్టండి అని అడగకపోతే మన తరఫున ఇంకెవరూ అడగరు.

ముగించే ముందు మూడు మనవులు. ఒకటి, మీ ఊరు డల్లాస్ అయినా, డెట్రాయిట్ అయినా, టొరాంటో అయినా, ఇంటికి వెళ్ళాక దగ్గరలో ఉమ్మడి తోట ఎక్కడుందో వెతికి, జాబితాలో పేరు రాయించండి. చాలా చోట్ల ఒకటి రెండేళ్ళు ఆగాలి, కాబట్టి ఇవాళే రాయించండి. రెండు, మీ సంఘం బడ్జెట్‌లో హాలు అద్దెకి, సౌండు సిస్టానికి పెట్టేదానిలో కొంచెం తీసి ఒక తోటకి పనిముట్ల కొట్టో, నడుం వంచలేని పెద్దల కోసం ఎత్తు చెక్క మళ్ళో కట్టించండి. పేరు ఫలకం లేకపోయినా ఫరవాలేదు! మూడు, 1986లో విన్నిపెగ్‌లో ఒక దంపతులు మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. మీ తోటలో ఒక వరస ఫుడ్ బ్యాంకు కోసమని వేయడం. ఆ వరసలో తోటకూర వేయండి. జమైకా వాళ్ళూ తింటారు, బెంగాలీలూ తింటారు, మనమూ తింటాం.

ఇక ఈ వేసవిలో మీ అమ్మగారో, అత్తగారో వస్తున్నట్లయితే టికెట్టుతో పాటు ఒక మడి కూడా సిద్ధం చేసి పెట్టండి. ఎంత పండుతుందో నేను చెప్పలేను. కానీ వాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పే కబుర్లలో మీకు తెలియని మనుషుల పేర్లు వినిపిస్తాయి.

 భోజనాల దగ్గర గోంగూర ఉందట. పక్కనున్న వారి పేరు అడిగి, వాళ్ళకి వడ్డించాకే మీరు వడ్డించుకోండి. సెలవు.